సీమ బీళ్లలో వారం రోజుల మకాం: ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనాన్ని సిద్ధం చేసుకునే విధానం

ఊళ్లకు దూరంగా నాలుగైదు రాత్రులు గుడారం వేసుకుని గడపాలని అనుకోగానే చాలామందికి ముందుగా గుర్తుకు వచ్చేది వాహనానికి తగిలించే సామగ్రి. పైన ఇనుప క్యారియర్, ముందు వించ్ (దిగబడిన బండిని తాడుతో లాగే యంత్రం), నెత్తిన దీపాల వరుస, పక్కన పందిరి అంటూ జాబితా పెరుగుతూ పోతుంది. అయితే కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లో బండి నిలిచిపోవడానికి అవి లేకపోవడం దాదాపుగా ఎప్పుడూ కారణం కాదు. టైరులో కంపముల్లు దిగడం, దుమ్ముతో మూసుకుపోయిన రేడియేటర్ ఎండకు వేడెక్కడం, మోయవలసినదానికన్నా ఎక్కువ బరువు ఎక్కించడం, వాన పడిన మరునాడే నల్లరేగడిలోకి దిగడం వంటివే ఇక్కడి కారణాలు. అందువల్ల ఉన్న బండిని గట్టిపరచుకోవడానికి, టైర్లకు, బరువు తగ్గించుకోవడానికి ముందు డబ్బూ సమయమూ కేటాయించి, మిగిలితేనే కొత్త సామాను కొనడం మంచిదని నా అభిప్రాయం.

దారి, కాలం, అనుమతి

బండి పని మొదలుపెట్టే ముందు ఏ నేల మీద తిరగబోతున్నారో తేల్చుకోండి. జమ్మలమడుగు, కోవెలకుంట్ల, నంద్యాల చుట్టూ నల్లరేగడి ఉంటుంది. తాడిపత్రి, కొలిమిగుండ్ల, బేతంచర్ల వైపు పొరలుపొరలుగా లేచిన నాపరాతి నేల ఉంటుంది. లంకమల, పాలకొండల అంచుల్లో పదునైన రాళ్లూ కంపచెట్లూ ఎక్కువ. అనంతపురానికి పడమట కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి ఒడ్డున గాలికి కదిలే ఇసుక దిబ్బలు కూడా ఉన్నాయి. ఒకే వారంలో ఈ నాలుగింటినీ చూడాలనుకుంటే నాలుగింటికీ సిద్ధపడాలి. ఒక్కదానికే వెళ్లేటట్లయితే సగం సామాను ఇంట్లోనే వదిలిపెట్టవచ్చు.

నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది గనుక మనుషులతోపాటు బండి కూడా అలసిపోతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు కడప జిల్లాను ఒక్కసారిగా ముంచెత్తగలవు.

రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. శేషాచలం, పాలకొండ, లంకమల ప్రాంతాల్లో ఎర్రచందనం ఉంది కాబట్టి, రాత్రిపూట అడవి అంచున నిలిపిన ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని అధికారులు అనుమానించడంలో వింత ఏమీ లేదు. నల్లమల పులుల అభయారణ్యంలో సొంతంగా గుడారం వేసే ఆలోచనే వద్దు. అక్కడ ఉండాలనుకుంటే అటవీశాఖ నడిపే బైర్లూటి, పచ్చర్ల విడిదుల్లో ముందుగా చోటు తీసుకోండి. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డును రాత్రివేళ మూసివేస్తారన్న సంగతిని దృష్టిలో పెట్టుకుని ప్రయాణ సమయాలు నిర్ణయించుకోవాలి. పట్టా భూమి అయితే పని సులువు. “అన్నా, ఈ రాతిరికి మీ బీట్లో గుడారం ఏసుకుంటాం” అని అడిగితే కాదనేవారు అరుదు. పైగా ఏ వంక ఎండిందో, ఏ బాట తెగిపోయిందో కూడా వారే చెబుతారు.

షెడ్డులో చేయించవలసిన పని

ప్రయాణానికి నెలన్నర ముందే బండిని మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్లండి. చివరి వారంలో వేసిన కొత్త విడిభాగం సరిగా కూర్చుందో లేదో తెలియడానికి కనీసం కొన్ని వందల కిలోమీటర్లు తిరగాలి. ఆ తిరుగుడు ఇంటి దగ్గరే పూర్తి కావడం మేలు.

ఇంజిన్ ఆయిల్‌ను అందరూ మార్పిస్తారు గానీ గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనుక ఇరుసులకు శక్తిని పంచే పెట్టె), ముందు వెనుక డిఫరెన్షియల్‌లలోని నూనెను చాలామంది ఏళ్ల తరబడి తెరిచి చూడరు. నాలుగు చోట్లా డ్రెయిన్ బోల్టు విప్పించి, వచ్చిన నూనెను దగ్గరుండి చూడండి. అది పాలు కలిపినట్లు తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరినట్లు. అటువంటప్పుడు నూనె మార్చి ఊరుకోకుండా సీళ్లను, గాలి గొట్టాలను కూడా సరిచేయించాలి. బోల్టుకు ఉన్న అయస్కాంతం మీద సన్నని బూడిదరంగు ముద్ద సహజమే గానీ లోహపు పలుకులు కనిపిస్తే ప్రయాణాన్ని వాయిదా వేసుకోవడం ఉత్తమం.

తర్వాత చూడవలసినది రేడియేటర్. మన ప్రాంతపు దుమ్ములో గడ్డి విత్తనాలు, పత్తి పింజలు కలిసి రేడియేటర్‌కూ ఏసీ కండెన్సర్‌కూ మధ్య మెత్తని తెరలా పేరుకుంటాయి. బయటినుంచి చూస్తే అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. టార్చిలైటును ఫ్యాన్ వైపు పట్టి ముందునుంచి చూసినప్పుడు వెలుతురు జల్లెడలో నుంచి వచ్చినట్లు అంతటా రాకుండా అక్కడక్కడ మాత్రమే వస్తే అది మూసుకుపోయిందని అర్థం. గాలినైనా నీటినైనా తక్కువ ఒత్తిడితో ఇంజిన్ వైపునుంచి బయటికి కొట్టించాలి. ముందునుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది, ఒత్తిడి ఎక్కువైతే సన్నని రేకులు వంగిపోతాయి. కూలెంట్ రెండేళ్లు దాటితే మార్పించి, రబ్బరు గొట్టాలను వేళ్లతో నొక్కి చూసి, గట్టిపడినవాటినీ ఉబ్బినవాటినీ తీసివేయించండి. ఫ్యాన్ బెల్టు మార్పిస్తే, తీసిన పాతది ఇంకా నడిచే స్థితిలో ఉంటే దాన్ని పారవేయకుండా సీటు కింద దాచుకోవాలి.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల వరకు మరగదు గానీ, తేమ చేరిన తర్వాత ఆ హద్దు 155 డిగ్రీల దాకా పడిపోవచ్చు. నిండు బరువుతో ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు ఈ తేడా ప్రాణాల మీదకు తెస్తుంది కాబట్టి రెండేళ్లకు ఒకసారి దాన్ని మార్పించాలి. స్టీరింగ్ ఆట, చక్రాల బేరింగులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, షాక్ అబ్జార్బర్ల బుష్‌లు, కమాన్ పట్టీల బోల్టులు అనుభవం ఉన్న మెకానిక్ ఒక పూటలో చూసి చెప్పగలడు. గాలి ఫిల్టర్ కొత్తది వేయించి, ఇంకొకటి వెంట ఉంచుకోండి. డీజిల్ బండి అయితే డీజిల్ ఫిల్టర్ కూడా రెండవది ఉండాలి.

నెలల తరబడి ఫోర్‌వీల్ వాడని బండిలో ఆ మీట పట్టేసి ఉండవచ్చు. మట్టి నేల మీద 4హెచ్ (మామూలు వేగపు ఫోర్‌వీల్), 4ఎల్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే లో గేరు) రెండూ పడుతున్నాయో లేదో చూసుకోండి. థార్, జిమ్నీ, గూర్ఖా వంటి బండ్లలో ఫోర్‌వీల్ వేసినప్పుడు ముందు వెనుక ఇరుసులు కలిసి ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో వాటి వేగాలు వేరుగా ఉండవలసి వస్తుంది గనుక, జారే వీలులేని తారు రోడ్డు మీద ఫోర్‌వీల్‌లో నడిపితే గేర్లు మెలిపడి దెబ్బతింటాయి.

టైర్లు

ఉన్న సొమ్ములో ఎక్కువ భాగం ఇక్కడే ఖర్చు చేయాలి. టైరు పక్కగోడ మీద ఉండే నాలుగంకెలలో మొదటి రెండు వారాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2322 అంటే 2022లో 23వ వారం. అరుగుదల లేకపోయినా ఆరేళ్లు దాటిన టైరును ఎండలో, రాళ్ల మీద నమ్మకూడదు. చట్టం 1.6 మిల్లీమీటర్ల లోతు చాలంటుంది గానీ మట్టిలో పట్టు కావాలంటే కనీసం 5 మిల్లీమీటర్లయినా మిగిలి ఉండాలి. సైజు పక్కన ఉండే భార సూచికనూ చూడండి: 100 అంటే ఒక టైరు 800 కిలోలు, 104 అంటే 900 కిలోలు మోయగలదని అర్థం. కంపెనీ సూచించిన దానికన్నా తక్కువ సూచిక ఉన్న టైరు ఎంత చౌకగా దొరికినా వద్దు. రాతినేలకు అన్ని నేలలకూ పనికివచ్చే ఆల్ టెర్రెయిన్ రకం సరిపోతుంది. బురద కోసం చేసే మడ్ టెర్రెయిన్ టైర్లు తారు రోడ్డు మీద మోత పెట్టడమే కాకుండా తడి రోడ్డు మీద పట్టు తక్కువగా ఇస్తాయి. నల్లరేగడిలో అవి కూడా కాసేపటికే నిండిపోతాయి కాబట్టి వాటి కోసం అదనంగా పెట్టే డబ్బు ఇక్కడ దండగ.

సర్కారు కంప ముల్లు గట్టిది, పొడవైనది. టైరు గీతల మధ్య దిగి తల విరిగి లోపలే ఉండిపోతుంది. ట్యూబ్‌లెస్ టైరులో ముల్లు కనిపించగానే పీకకండి. చాలాసార్లు ముల్లే రంధ్రాన్ని మూసి ఉంచుతుంది. సబ్బునీళ్లు పోసి బుడగలు వస్తున్నాయేమో చూసి, గాలి పోతున్నదని తేలితే, పంక్చర్ సామాను చేతిలో సిద్ధంగా ఉంచుకున్నాకే పట్టకారుతో లాగి, రంధ్రాన్ని ఆకురాయి సూదితో గరుకు చేసి, జిగురు పట్టీని దూర్చాలి. ట్యూబు ఉన్న టైరు అయితే, విప్పిన తర్వాత లోపలి గోడ వెంబడి దూది ఉండతో నెమ్మదిగా తుడవండి. విరిగిన ముల్లుకొన ఎక్కడుందో దూది పోగులు చిక్కుకుని చూపిస్తాయి. వేలితో వెతికితే వేలు కోసుకుంటుంది, వెతకకపోతే కొత్త ట్యూబు కూడా గంటలో పోతుంది. పక్కగోడ చిరిగితే పట్టీ పనిచేయదు, ఆ టైరును మార్చవలసిందే. అందువల్ల రాతినేల మీదకు వెళ్లేవారు రెండు స్టెప్నీలు తీసుకువెళ్లడం అతి జాగ్రత్త కాదు.

గాలి ఒత్తిడిని నేలను బట్టి మార్చాలి. తారు రోడ్డు మీద తలుపు చట్రం మీద రాసి ఉన్న అంకె, రాళ్ల బాట మీద సుమారు 24 పీఎస్ఐ, కణేకల్లు ఇసుక వంటి చోట 16 నుంచి 18 వరకు. గాలి తగ్గితే టైరు నేల మీద పొడవుగా పరుచుకుని ఇసుకపై తేలుతుంది. అంత తక్కువ గాలితో గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదు, స్టీరింగ్‌ను ఒక్కసారిగా తిప్పకూడదు. ఒత్తిడిని తెల్లవారుజామున, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ప్రతి 5, 6 డిగ్రీల వేడికి దాదాపు 1 పీఎస్ఐ పెరుగుతుంది గనుక మధ్యాహ్నం చూసి గాలి తీసివేసినవారు సాయంత్రానికి తక్కువ గాలితో నడుపుతూ ఉంటారు. తిరిగి గాలి పట్టడానికి చిన్న కంప్రెసర్ కావాలి. దాన్ని సిగరెట్ లైటర్ రంధ్రానికి కాకుండా నేరుగా బ్యాటరీకి క్లిప్పులతో తగిలించండి, లేకపోతే ఆ చిన్న ఫ్యూజు మొదటి టైరుకే కాలిపోతుంది.

కంపెనీ ఇచ్చిన జాకీ చదునైన రోడ్డు కోసం చేసినది. మెత్తటి నేలలో అది దిగబడిపోతుంది కాబట్టి అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న మందపాటి చెక్కను దాని కింద వేయడానికి వెంట ఉంచుకోవాలి.

బరువు లెక్క

జిమ్నీని ఉదాహరణగా తీసుకుందాం. నిండు బరువు పరిమితి 1545 కిలోలు, ఖాళీ బండి సుమారు 1200 కిలోలు. అంటే మనుషులతో సహా ఎక్కించగలిగింది 345 కిలోలే. ఇద్దరు మనుషులు 140, అరవై లీటర్ల నీరు 60, అదనపు స్టెప్నీ 25, పనిముట్లూ లాగుడు సామానూ 35, తిండీ వంటసామానూ 30, గుడారం పడకలు 25 అనుకుంటే అప్పుడే 315 అయింది. మిగిలిన 30 కిలోలను ఒక్క ఇనుప క్యారియరే మింగేస్తుంది. పెద్ద బండికి కొంత వెసులుబాటు ఉంటుంది గానీ యజమాని సామాను కూడా ఆ మేరకు పెరుగుతుందన్నది తరచుగా చూసేదే.

కాగితం మీద లెక్కతో ఆగకండి. తాడిపత్రి, బేతంచర్ల దారుల్లో నాపరాళ్ల లారీలను తూచే వేబ్రిడ్జి కాటాలు ఎన్నో ఉన్నాయి. సామానంతా సర్దుకుని, మనుషులు కూర్చుని, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఒకసారి, బండి మొత్తాన్ని ఉంచి ఇంకొకసారి తూయిస్తే వెనుక ఇరుసు మీద ఎంత పడుతున్నదో తెలుస్తుంది. నీళ్ల క్యాన్లు, పనిముట్ల పెట్టె వంటి బరువైనవి ముందు సీట్ల వెనుక, వీలైనంత కిందుగా ఉండాలి. పైకప్పు మీద పడకలు, గుడారం వంటి తేలికైనవే ఉంచండి. అక్కడ ఎంత బరువు పెట్టవచ్చో బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. లోపల ఉన్న ప్రతి వస్తువునూ పట్టీలతో బిగించాలి, ఎందుకంటే బండి బోల్తాపడినప్పుడు వెనుకనుంచి ఎగిరివచ్చే గ్యాస్ సిలిండర్ దెబ్బ చాలా తీవ్రంగా ఉంటుంది.

ముందు భాగంలో ఇనుప బుల్‌బార్ బిగించుకోవాలన్న కోరిక ఉంటే వదిలివేయండి. అటువంటి గార్డులను మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కింద అరికట్టాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. చట్టం మాట అటుంచినా, ముందు ఇరుసు మీద అనవసరపు బరువు పడుతుంది.

నీరు, తిండి, కరెంటు, ఇంధనం

చలికాలంలో మనిషికి రోజుకు తాగడానికి, వంటకు, ముఖం కడుక్కోవడానికి కలిపి ఏడు లీటర్లు చాలు. అనంతపురం ప్రాంతంలో చాలాచోట్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఉంటుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. కాబట్టి తాగేనీటిని ఇంటినుంచో, దారిలోని ఊళ్లలో ఉండే ఆర్‌ఓ ప్లాంట్లనుంచో మాత్రమే నింపుకోండి. ఒకే పెద్ద ట్యాంకుకన్నా ఇరవై లీటర్ల క్యాన్లు మూడు మేలు, ఎందుకంటే ఒకటి పగిలినా రెండు మిగులుతాయి.

వారానికి ఫ్రిజ్ అవసరమా అన్నది మీ తిండిని బట్టి ఉంటుంది. జొన్నరొట్టెలు, ఊరుబిండి, బొరుగులు, శనగలు, ఎండుమిరపకాయల కారంతో సరిపెట్టుకునేవారికి అది ముప్పై కిలోల దండగ బరువు. తప్పదనుకుంటే దానికి విడిగా లిథియం బ్యాటరీ ఉండాలి. కొత్త బీఎస్6 (తాజా పొగ ప్రమాణాల) బండ్లలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ను కంప్యూటర్ అదుపు చేస్తుంది గనుక ఆ బ్యాటరీని నేరుగా కలపకుండా, వోల్టేజీని సరిచేసి ఇచ్చే డీసీ డీసీ చార్జర్ ద్వారానే కలపాలి. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. ఇంధనం విషయంలో ఇసుకలో, లో గేరులో మైలేజీ సగానికి పడిపోవచ్చన్న లెక్కతో వెళ్లండి. ట్యాంకు సగమవగానే నింపుకునే అలవాటు ఉంటే సీమలో చాలావరకు అదనపు క్యాన్ అవసరం పడదు. తీసుకువెళ్లక తప్పకపోతే లోహపు జెర్రీ క్యాన్‌లో, పైన కొంత ఖాళీ వదిలి, మనుషులు కూర్చునే చోటుకు దూరంగా బిగించాలి.

దిగబడినప్పుడు

నల్లరేగడి తడిసిందో లేదో తెలుసుకోవడానికి బండి దిగి పది అడుగులు నడవండి. చెప్పుల కింద మట్టి దిమ్మలా పేరుకుంటే బండిని తిప్పుకోవాలి. రెండు రోజుల ఎండ తగిలాక అదే బాట సిమెంటులా ఉంటుంది. ఆ మట్టి నీరు తగిలితే ఉబ్బి టైరు గాడులను పూర్తిగా నింపేస్తుంది, అప్పుడు నాలుగు చక్రాలూ తిరిగినా నాలుగూ జారుతాయి. ఫోర్‌వీల్ ఉన్నందువల్ల అక్కడ ఒరిగేది, ఇంకొంచెం లోపలికి వెళ్లి దిగబడడమే.

వెంట ఉండవలసిన సామాను ఎక్కువేమీ కాదు: పార, గడ్డపార, ఒక జత ఇసుక పలకలు, సాగే గుణమున్న కైనెటిక్ తాడు, పని భారం ముద్రించి ఉన్న రెండు షాకిల్స్ (తాడును కొక్కేనికి తగిలించే ఇనుప కొలికీలు), తోలు చేతితొడుగులు. ఇసుకలో చక్రం తిరుగుతూనే బండి కదలకపోతే వెంటనే యాక్సిలరేటర్ వదిలేయాలి. అప్పుడు చేయవలసిన పని మొదట గాలి తగ్గించడం, తర్వాత చక్రాల ముందు ఇసుకను పారతో తీయడం, అటుపైన పలకలు దూర్చడం. చాలాసార్లు మొదటి పనితోనే బండి బయటపడుతుంది.

నిజం చెప్పాలంటే ఇక్కడ మిమ్మల్ని బయటికి లాగేది పక్క చేనులోని ట్రాక్టరే. ట్రాక్టర్ తోలే మనిషి మంచిమనసుతో వచ్చి, అలవాటు కొద్దీ ఇనుప గొలుసును బంపరుకో ఇరుసుకో చుట్టబోతాడు. అతను కిందికి వంగకముందే మీ తాడు అందించి, చట్రానికి బిగించి ఉన్న కొక్కేన్ని చూపించండి. ట్రయిలర్ తగిలించే బంతికి తాడు ఎప్పుడూ కట్టకూడదు. అది విరిగి ఫిరంగి గుండులా దూసుకువచ్చి మనుషుల్ని చంపిన సందర్భాలు వివిధ దేశాల్లో ఉన్నాయి. తాడు మధ్యలో తడిపిన గోనెపట్టా వేసి, చుట్టూ గుమిగూడిన పిల్లలను తాడు పొడవుకు రెట్టింపు దూరం పంపించిన తర్వాతే లాగమనాలి.

మకాం చోటు

ఎండిన ఏటి ఇసుక మెత్తగా, చదునుగా ఊరిస్తుంది. అక్కడ గుడారం వేయవద్దు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు తెల్లవారుజామున దిగువ ఊళ్లను నీరు ముంచెత్తింది. కట్ట తెగకపోయినా, పైన ఎక్కడో కురిసిన వానకు ఇక్కడి వంకలు ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే పొంగగలవు. ఎండిన బోదగడ్డి మీద బండి నిలపడం కూడా ప్రమాదమే. సైలెన్సర్ వేడికి, అందులోనూ డీజిల్ బండి పొగగొట్టంలోని ఫిల్టర్‌లో చేరిన మసిని కాల్చుకునే సమయంలో, గడ్డి అంటుకుంటుంది. చదునైన రాతిపరుపునో, గడ్డి లేని నేలనో చూసుకుని, దిగగానే బండి కింద చిక్కుకున్న గడ్డిని లాగివేయండి. రాత్రి బూట్లను గుడారం లోపలే ఉంచుకోవాలి, ఉదయం దులిపి తొడుక్కోవాలి. తేళ్లు, రక్తపింజర్లు ఉన్న నేల ఇది. పాము కరిస్తే కోతలూ కట్లూ పెట్టకుండా, ఆ అవయవాన్ని కదలనీయకుండా 108కి ఫోన్ చేసి, కడప, కర్నూలు, అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రుల్లో దగ్గరిదానికి చేర్చాలి.

ఒక రాత్రి పరీక్ష, ఆ తర్వాత బయలుదేరడం

ప్రయాణానికి రెండు వారాల ముందు, ఇంటికి గంట దూరంలో, పూర్తి సామానుతో ఒక రాత్రి గడపండి. చీకట్లో గుడారం వేయడం, స్టెప్నీ మార్చడం, గాలి తగ్గించి మళ్లీ నింపడం అక్కడే చేసి చూడాలి. తిరిగివచ్చాక ముట్టని వస్తువులన్నీ, పనిముట్లూ మందులపెట్టే తప్ప, దించివేయండి. చక్రాల నట్లను ఆ తర్వాత మళ్లీ బిగించాలి. కొత్త టైర్లు వేసిన బండిలో అవి కొద్దిగా వదులవుతాయి.

సిగ్నల్ లేనిచోట్ల కోసం పటాలను ఫోనులో ముందే దించుకుని, సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటం ఒకటి కాగితం మీద ఉంచుకోండి. విదేశాలనుంచి ఎవరో తెచ్చిన ఉపగ్రహ ఫోను వాడవద్దు, మన దేశంలో అనుమతి లేకుండా అది కేసు అవుతుంది. దానికి బదులు ఇంట్లో ఒకరికి కాగితం రాసి ఇవ్వండి: ఏ రాత్రి ఏ ఊరి దగ్గర ఉంటారు, బండి నంబరు, రంగు, ఎవరి చేనులో దిగుతున్నారు, ఏ పూటకల్లా ఫోను చేస్తారు, చేయకపోతే ఎన్ని గంటలు ఆగి 112కి చెప్పాలి. దారి మారితే సిగ్నల్ దొరికిన మొదటి చోటునుంచే ఆ కాగితాన్ని దిద్దించాలి.